మూ అక్క ఉపవాసం ఎక్కడ చెడింది

మూ యూఫాంగ్ పేరెత్తితే కైఫెంగ్‌లో మా తూర్పు వీధి వాళ్ళు ముందు ఉప్పు గురించే మాట్లాడతారు. నేను చెప్పబోయే వేసవి నాటికి, మొదట మిల్లు వంటగదిలోనూ, తర్వాత సొంత కొట్టులోనూ కలిపి ఇరవై ఏళ్ళుగా ఆమె గొర్రె ఎముకల చారు కాస్తోంది. ఆ ఇరవై ఏళ్ళలో ఉప్పు ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఒక్కరూ అనలేదు. నా కొట్టు ఆమె కొట్టుకు ఆనుకునే ఉండేది. నేను నువ్వుల రొట్టెలు కాలుస్తాను. ఆమె చారులో నా రొట్టె తుంచి వేసుకుని తింటేగానీ మా వీధి వాళ్ళకు తెల్లారదు. అయినా పేరు మాత్రం ఎప్పుడూ చారుకే. "మూ అక్క చారు తాగొచ్చాం" అంటారు గానీ "చైయూన్ రొట్టె తిన్నాం" అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నా మనసు ఎలాంటిదో మీకు తెలిసి ఉండడం మంచిది.

అక్క కసాయివాళ్ళ ఇంట పుట్టింది. పదిహేడో ఏట హా దెఆన్ అనే బండివాణ్ణి చేసుకుని మా సందుకు వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల్ని కన్నది, అత్తగారితో ముప్పై ఏళ్ళు నెగ్గుకొచ్చింది. గరిటె చేతిలో ఉంటే ఆమె మహారాణి. గరిటె కింద పెట్టిందంటే మాత్రం ఏదీ తేల్చుకోలేదు. కొట్టుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, వేశానా లేదా అని వెనక్కి వచ్చేది. ఒకరోజు అలా నాలుగుసార్లు వచ్చింది, నేను లెక్కపెట్టాను. ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబితే ఇద్దర్నీ నమ్మేది. నమాజులో మూడు వంగానా నాలుగు వంగానా అని అనుమానం వచ్చి మొదటినుంచీ మళ్ళీ చేసేది. వాళ్ళాయన ఎకసెక్కెంగా అనేవాడు: "మా ఆవిడ ఒకసారి నమాజు చేస్తే మా ఇంటిల్లిపాదికీ సరిపోతుంది."

ఒకప్పుడు సర్కారు మా మసీదులకు తాళాలు వేయించింది, చాలా ఏళ్ళు అలాగే ఉన్నాయి. తాళాలు తీశాక మూడో రంజాన్ నడివేసవిలో వచ్చింది. అప్పటికి అక్కకు నలభై తొమ్మిది, నెలసరి ఆగి ఏడాది దాటింది. జీవితంలో మొదటిసారి నెల పొడుగునా ఉపవాసం ఉండాలని పట్టుబట్టింది. అంతకు ముందు ఏడాది పది రోజులుండి పడిపోయింది. ఈసారి ఒక్కటి కూడా వదలనని వీధంతా వినేట్టు అంది.

వేసవి ఉపవాసం మాటలా? తెల్లవారుజామున మూడున్నరకు నోరు మూస్తే రాత్రి ఎనిమిదికి గానీ తెరవడానికి లేదు. దానికి తోడు ఏది ఉపవాసాన్ని చెడగొడుతుందో, ఏది చెడగొట్టదో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. చెప్పేవాళ్ళు లేని ఏళ్ళలో ఎవరి నాయనమ్మ ఎంత గుర్తు పెట్టుకుందో అదే ఆ ఇంటి చట్టం. ఒకరింట్లో తల స్నానం చేస్తే చెడుతుంది, ఒకరింట్లో ఏడిస్తే చెడుతుంది. అక్క అత్తగారు హా ముసలమ్మ దగ్గరయితే ఇలాంటివి ఒక మూటెడు ఉండేవి.

"ఉమ్మి మింగకే, చెడుతుంది."

"మరి ఏం చెయ్యను అత్తా, రోజంతా ఉమ్ముతూ కూర్చోనా?"

"మా అమ్మ ఉమ్మేది."

"చారు వాసన ముక్కులోకి పోతోందిగా, దానికేం చేద్దాం?"

"ముక్కు మూసుకుని కాచు. పనిమంతురాలికి అదొక లెక్కా?"

మా ఆడవాళ్ళకు విడిగా మసీదు ఉంది, అందులో మతం చదువు చెప్పే గురువు, మా మాటలో ఆహోంగ్, కూడా ఆడమనిషే. తింగ్ ఆహోంగమ్మకు అప్పటికే డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళు పొరలు కమ్మాయి, పుస్తకం మాత్రం నోటికి వచ్చు. ఆవిడ చాలావాటిని కొట్టిపారేసింది. ఉమ్మి మింగొచ్చు. తల మీద నీళ్ళు పోసుకోవచ్చు. ఈగ గొంతులోకి పోయినా, పొయ్యి పొగ పోయినా చెడదు. పళ్ళ సందున ఇరుక్కున్న మెతుకు శనగగింజకంటే చిన్నదయితే మింగినా ఫర్వాలేదు. బయటినుంచి నోట్లో వేసుకుని మింగితే మాత్రం నువ్వుగింజయినా చెడగొడుతుంది. ఇది విన్న రోజు అందరూ నా వైపు తిరిగి నవ్వారు. వంట చేసేవాళ్ళు తప్పనిసరైతే నాలుక కొసన ఉప్పు చూసి ఉమ్మేయొచ్చు అని కూడా చెప్పింది. అక్క ఆ మాట పట్టుకుని అలాగే ఉప్పు చూస్తూ వచ్చింది. ముసలమ్మ మాత్రం ప్రతిరోజూ ఉమ్మిందా లేదా అని గుమ్మంలో కూర్చుని చూసేది.

పద్దెనిమిది రోజులు గడిచాయి. పంతొమ్మిదో రోజు సాయంత్రం మసీదులో అందరికీ ఉపవాసం విడిచే భోజనం పెట్టడం హా వారి వంతు. వందమందికి చారు. మధ్యాహ్నానికే అక్క పెద్ద డేగిసా ఎక్కించింది.

ఆ రోజు నేను ఉపవాసంలో లేను. నెలసరి. ఆ రోజుల్లో ఆడదానికి ఉపవాసం లేదు, తర్వాత బదులు ఉండాలి. కానీ అందరూ నోరు కట్టుకుని తిరుగుతుంటే ఎదురుగా కూర్చుని తినలేం కదా. నేను పొయ్యి వెనక గోడవైపు తిరిగి, దొంగలా నా రొట్టె నేనే కొరుకుతున్నాను. మండుటెండ. అక్క రెండు కొట్ల మధ్య తలుపు తోసుకుని వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోయింది చైయూన్."

"ఎవరు, మీ అత్తా?" అన్నాను.

"నా ఉపవాసం పోయిందే! గరిటెడు చారు తాగేశాను. ఉపవాసమన్న మాటే గుర్తు లేదు. ఊదుకుని మరీ తాగాను. తాగి, పెదాలు చప్పరించి, ఇంకో చిటికెడు పడాలి అని పైకి కూడా అన్నాను. ఉప్పు వేసేశాక గుర్తొచ్చింది."

అక్కడే నా పిండి బస్తా మీద కూలబడి ఏడ్చింది. పద్దెనిమిది రోజులు అని ఏడ్చింది. ఒక్కటి కూడా వదలనని అన్నానే అని ఏడ్చింది. ఆమె పెదాలు ఎండిపోయి చిట్లి ఉన్నాయి.

నేను పొయ్యిలోంచి వేడి రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టాను. "పోయింది కదా. పోయినదాని కోసం ఎండలో చచ్చిపోతావా? తిను" అన్నాను.

ఆమె రొట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. తిన్నది. ఏడుస్తూ మొత్తం తిన్నది. రెండు గిన్నెల నీళ్ళు తాగింది. ఇంతలో ముసలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కోడలి పెదాల మీద నువ్వులు చూసింది.

"చెడినా సరే పొద్దు గుంకేదాకా నోరు కట్టుకోవాలే! ఆ మాత్రం తెలీదా? కుండ పగిలిందని గుడిసెకు నిప్పు పెడతారా?"

అక్క గిన్నెలో మిగిలిన నీళ్ళు వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చారులో ఉప్పు అద్భుతంగా కుదిరింది.

అందరూ తిన్నాక అక్క వెళ్ళి ఆహోంగమ్మ ముందు కూర్చుంది. వెనక నేను, ముసలమ్మ, ఇంకో ఇరవైమంది ఆడవాళ్ళు. అక్క గరిటె సంగతి చెప్పింది. ఆహోంగమ్మ బోసి నోటితో నవ్వింది.

"మరిచిపోయి తాగావు. అంతేగా? మరిచి తింటే, మరిచి తాగితే ఉపవాసం చెడదమ్మా. అల్లాయే నీకు తినిపించాడు, ఆయనే తాగించాడు అనుకోవాలి. గుర్తొచ్చిన క్షణాన ఆపేసి మిగతా రోజు అలాగే ఉండిపోతే నీ ఉపవాసం నీదే. ఏడుపెందుకు? ఆ గరిటె ఆయన నీకిచ్చిన విందు."

అక్క మొహం వెలిగిపోయింది. ఒక్క క్షణమే. "మరి రొట్టె?" అంది.

"ఏ రొట్టె?" అంది ఆహోంగమ్మ.

అక్క రొట్టె సంగతి చెప్పింది, నీళ్ళ సంగతి చెప్పింది. రొట్టె ఎవరిచ్చారో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా, మా వీధిలో నువ్వుల రొట్టె నా దగ్గర తప్ప ఎక్కడ దొరుకుతుంది? అయినా నేను అప్పుడే భుజాలు తడుముకోవడం మొదలుపెట్టాను.

ఆహోంగమ్మ మెల్లగా అడిగింది. "ఒకటి చెప్పు యూఫాంగ్. రొట్టె తినేటప్పుడు, మరిచి తాగితే చెడదన్న సంగతి నీకు తెలుసా, తెలీదా? తెలీక, ఎలాగూ పోయిందనుకుని తింటే ఆ ఒక్క రోజుకు బదులు ఒక్క రోజు ఉంటే చాలు. తెలిసీ తింటే మాత్రం, నిలిచి ఉన్న ఉపవాసాన్ని నీ చేత్తో చెడగొట్టినట్టు. అప్పుడు ఆ ఒకటి కాక, వరసగా అరవై ఉండాలి. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే."

అరవై అన్నమాట వినగానే వెనక ఎవరో "యా అల్లా" అన్నారు.

అక్క అడిగింది: "పాఠంలో చెప్పారా అమ్మా?"

"చెప్పాను. రంజాన్ ముందు చెప్పిన పాఠాల్లో మూడో రోజుది అదే."

"మూడో రోజు నేను వచ్చాను. వచ్చాను కదా? వచ్చానంటే విన్నట్టే. విన్నానా?" వెనక్కి తిరిగి నన్ను చూసింది. "చైయూన్, మనిద్దరం పక్కపక్కనే కూర్చున్నాంగా. ఆ మాట చెప్పారా?"

"చెప్పారు" అన్నాను.

అది నిజమే. చెప్పారు. నేను చెప్పకుండా మింగిన సగం ఏమిటంటే, ఆ మాట చెప్పేటప్పుడు అక్క నా భుజం మీద తలపెట్టి నిద్రపోతోంది. రెండో కోడి కూయకముందే పొయ్యి ముట్టించే మనిషి, పొద్దున పాఠంలో కూర్చుంటే నిద్ర రాదా? చిన్నగా గురక కూడా పెట్టింది. నా జాకెట్టు భుజం మీద తడయింది. మరిచి తినడం, మరిచి తాగడం గురించిన పాఠం మొదటినుంచి చివరిదాకా అక్క నిద్రలోనే జరిగింది. పొరలు కమ్మిన కళ్ళతో ఆహోంగమ్మకు కనపడలేదు, మేం చివరి వరసలో ఉన్నాం కనుక మిగతావాళ్ళూ చూడలేదు. నాకొక్కదానికే తెలుసు. అంటే మూ అక్కకు ఆ సంగతి తెలీదని సాక్ష్యం చెప్పగలిగిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే.

కానీ ఆమె నిద్రపోయిందని చెబితే, నేను మెలకువగా ఉన్నానని చెప్పినట్టే కదా. నాకు తెలిసి కూడా ఆమె చేతిలో రొట్టె పెట్టానని అందరిముందూ ఒప్పుకున్నట్టే కదా. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రం మాత్రం నాలుక లేవలేదు.

నాకు తెలుసా నిజంగా? ఇదే నన్ను చంపుతుంది. రొట్టె ఇచ్చేటప్పుడు ఆహోంగమ్మ మాట గుర్తొచ్చిందా? వచ్చింది. ముందు వచ్చిందా, రొట్టె ఆమె చేతికి పోయాక వచ్చిందా? ముందే వచ్చినట్టుంది. పెదాల దాకా వచ్చినట్టుంది. మరి ఎందుకు ఆపాను? ఆమె పెదాలు చిట్లి ఉన్నాయని జాలిపడ్డాను, అది నిజం. ఒక్కటి కూడా వదలనని వీధంతా చాటిన మనిషి ఏడుస్తుంటే లోపల ఎక్కడో చల్లగా అనిపించింది, అదీ నిజమే. గోడవైపు తిరిగి ఒంటరిగా తింటున్నదాన్ని, తోడు దొరికిందని సంతోషపడ్డానేమో కూడా. ఏది ఎంత పాలో విడదీయబోతే మూడూ కలిసి ముద్దయిపోతాయి.

మిగిలిన పదకొండు రోజులూ వీధిలో ఇదే గోల. కసాయి కొట్టు దగ్గర అరవై అన్నారు, పుచ్చకాయల బండి దగ్గర ఒకటి అన్నారు. అక్క ఎవరి దగ్గర నిలబడితే వాళ్ళ మాట నిజమనుకుని ఇంటికి వచ్చేది. ఆహోంగమ్మ రెండుసార్లు పిలిపించి చెప్పింది.

"తెలీదు అనమ్మా. గుర్తు లేకపోతే తెలీనట్టే. ఒక్కటి చాలు."

"గుర్తు లేదంటే ఒకటి, ఉందంటే అరవై. ఒకటితో పోతుందని గుర్తు లేదంటున్నానేమో అమ్మా! నా మనసు నాతో అబద్ధమాడుతుంటే నాకెలా తెలుస్తుంది?"

"అల్లాకు తెలుసు."

"ఆయనకు తెలుసు సరే. నాకు తెలీడం లేదే."

చివరికి అక్కే తీర్పు చెప్పుకుంది. రంజాన్ పండుగ మర్నాడు, చెడిన రోజుకు బదులు ఒకటి, ఆ మర్నాటినుంచి వరసగా అరవై. ఆలస్యం చెయ్యడానికి లేదు. వారం ఆగినా చివర్లో కుర్బాని పండుగ అడ్డం వస్తుంది, ఆ పండుగ రోజుల్లో ఉపవాసం ఉండకూడదు, వరస తెగి అంతా మొదటికొస్తుంది. పండుగ నాడు మేమంతా నూనె రొట్టెలు వేయించుకుని ఇంటింటికీ పంచుకుంటుంటే ఆమె వేళ్ళు ముడుస్తూ రోజులు లెక్కపెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. చెబుదామనే వెళ్ళాను. చుట్టూ చుట్టాలున్నారు, రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు ఎంతకీ రాలేదు. అయిదో రోజు చెబితే అయిదు రోజుల ఆకలి నా నెత్తిన. పదో రోజుకు పది. ఎంత ఆలస్యమైతే అంత పెద్దదవుతుంది, పెద్దదయ్యేకొద్దీ నోరు పెగలదు. కుడితిలో పడ్డ ఎలుక బతుకయింది నాది. పొద్దున ఆమెకివ్వాల్సిన రొట్టెలు కట్ట కట్టి తలుపు దగ్గర పెట్టేసి, ఆమె రాకముందే పొయ్యి వెనక్కి పోయేదాన్ని.

వీధంతా మామూలుగా తిని తిరుగుతున్న ఎండాకాలంలో ఒక్క మనిషి నోరు కట్టుకుని రోజంతా చారు ముందు నిలబడడం ఏమిటో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో ముసలమ్మ మురిసిపోయింది. "మా కోడలు, మా కోడలు" అని అందరికీ చెప్పుకుంది. ఇరవై రోజులు దాటేసరికి ఆవిడా భయపడింది. ఉప్పు చూసి ఉమ్మమని తనే బతిమాలింది.

"ఉమ్మితే చెడదే తల్లీ, ఆహోంగమ్మ చెప్పిందిగా!"

"ఉమ్మడం మరిచిపోతే అత్తా?"

"మరిచిపోతే అసలే చెడదన్నారుగా!"

"మరిచానో మరిచినట్టు నటించానో ఎవరు చెప్పాలి?"

ముసలమ్మ నోరు వెళ్ళబెట్టి నా వైపు చూసింది. నేను పిండి పిసుకుతూ కూర్చున్నాను.

అలా నాలుక కొస కూడా తగలనివ్వకుండా అక్క చారు కాచింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఉప్పు తప్పింది. ఒకరోజు చప్పగా, ఒకరోజు సముద్రం. వేశానా లేదా అని రెండుసార్లు వేసేది, రెండోసారి వేశానేమో అని నీళ్ళు కలిపేది. జనం మొదట జాలిపడి తాగారు, తర్వాత మొహమాటపడి తాగారు, ఆ తర్వాత ఉత్తర సందులో కొట్టుకు పోయారు. బల్లలు ఖాళీ. నా రొట్టెలూ మిగిలిపోయాయి. ఏళ్ళ తరబడి నేను కోరుకున్నది అదే అయితే అది దొరికింది: మూ అక్క చారుకు పేరు పోయింది. నాకు అన్నం సహించడం మానేసింది.

అరవైలో నలభై ఒకటో రోజు మధ్యాహ్నం, నేను తప్పుకునే లోపలే అక్క తలుపు తోసుకుని వచ్చింది. సగమయింది మనిషి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నా ఎదురుగా పిండి బస్తా మీద కూర్చుంది.

"చైయూన్, ఒక్కటి గుర్తు చేసి చెప్పవే. రాత్రంతా అదే ఆలోచన. ఆ రోజు రొట్టె నేనడిగానా, నువ్వే ఇచ్చావా? నేనడిగి ఉంటే నాకు తెలిసే ఉంటుంది. ఆశకొద్దీ అడిగినట్టేగా. నేనే అడిగినట్టు అనిపిస్తోంది. నీకసలే మంచి మనసు, అడిగితే కాదనలేవు."

నీకసలే మంచి మనసు అన్న మాట దగ్గర నాకు దుఃఖం ఆగలేదు.

"నువ్వడగలేదక్కా. నేనే ఇచ్చాను."

"నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పడం లేదుగా?"

"నీకు తెలీదక్కా. మరిచి తాగితే చెడదన్న సంగతి నీకు తెలీదు. ఆ పాఠం చెప్పినంతసేపూ నువ్వు నిద్రపోయావు. నా భుజం మీద. గురక పెట్టావు."

అక్క తలెత్తింది. ఆమెకు ఏ సంగతైనా మెల్లగానే ఎక్కుతుంది. పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే పేర్చుకుంది. నాకు ఆ కాసేపు నలభై ఒక్క రోజులకంటే పొడుగయింది.

"నేను నిద్రపోయాను" అంది.

"ఊఁ."

"నువ్వు నిద్రపోలేదు."

"లేదు."

"నువ్వు విన్నావు."

"విన్నాను."

"విని, రొట్టె ఇచ్చావు. ఎందుకే?"

జాలి అని చెప్పబోయాను. అబద్ధమనిపించింది. కుళ్ళు అని చెప్పబోయాను. అదీ పూర్తిగా నిజం కాదనిపించింది. "తెలీదక్కా" అన్నాను. ఆమె తిట్టి ఉంటే కాళ్ళమీద పడేదాన్ని. తిట్టలేదు. లేచి, తలగుడ్డ సర్దుకుని, "పద" అంది.

ఇద్దరం ఎండలో మసీదుకు నడిచాం. ఆహోంగమ్మ చాప మీద పడుకుని విసురుకుంటోంది. నేను అంతా చెప్పాను, ఈసారి సగం మింగలేదు. ఆవిడ లేచి కూర్చుని అక్క చెయ్యి పట్టుకుంది.

"యూఫాంగ్, తేలిపోయిందమ్మా. నిద్రలో ఉన్నదానికి తెలిసేదేముంది? నీకు ఒక్కటే. అది పండుగ మర్నాడే అయిపోయింది. ఆ తర్వాత నువ్వున్నవన్నీ నీ ఇష్టపూర్వకంగా ఉన్నవి, ఒక్కటీ వృథా కాదు. ఈరోజుది పొద్దు గుంకేదాకా ఉండు. రేపటినుంచి తిను."

అక్క ఆ చేతిని కళ్ళకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నిజంగా తెలీదన్నమాట నాకు. తెలీదన్నమాట" అని పదిసార్లు అంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, తనకు తెలీదని తెలిసి అంత సంతోషపడడం నేనెక్కడా చూడలేదు.

నేను చివరికి అడిగాను. "మరి నా సంగతేమిటమ్మా? నేనెన్ని ఉండాలి? అరవై ఉంటాను. నూట ఇరవై ఉంటాను."

నోటికి వచ్చిన పుస్తకమంతా లోపల తిరగేస్తున్నట్టు ఆహోంగమ్మ పెదాలు కదిలాయి.

"నువ్వు ఆ రోజు ఉపవాసంలోనే లేవు. నీ ఉపవాసమేదీ చెడలేదు. చారు తాగినదానికి అంకె ఉంది, రొట్టె తిన్నదానికి అంకె ఉంది. తెలిసీ చెప్పకుండా రొట్టె ఇచ్చినదానికి నేను చదివిన పుస్తకంలో అంకె లేదు తల్లీ. అల్లాను క్షమించమని అడుగు. అయితే ఆమెకు చేసినదాన్ని ఆమె కూడా క్షమించాలి."

నేను అక్క వైపు తిరిగాను. చేతులు జోడించాను. "క్షమించానను అక్కా."

అక్క కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. ఆమె ఊరికే అనేసే మనిషి కాదు. లోపల వెతుక్కుంది, నాకు కనపడుతూనే ఉంది. "క్షమించానో లేదో నాకు తెలీడం లేదే చైయూన్" అంది. "కోపం లేదు. కానీ క్షమించానంటే అబద్ధమవుతుందేమో. తేలాక చెప్తాను."

మర్నాడు పొద్దున ఆమె గరిటె నిండా చారు తీసుకుని ఊదుకుని తాగింది. వారంలో జనం మళ్ళీ వచ్చారు. ఆమె నా రొట్టెలు కొంటూనే ఉంది. నాతో నవ్వేది, నా మనవడికి బారసాల నాడు చారు పంపింది, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ప్రతి రంజాన్‌కు ముందు ఆ మూడో రోజు పాఠానికి ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఆమె కళ్ళు విప్పార్చుకుని విన్నది. ఇరవై ఆరేళ్ళు నా పక్క కొట్టులోనే బతికింది. నేను మళ్ళీ అడగలేదు, అడిగి తొందరపెట్టే హక్కు నాకు లేదనుకున్నాను.

పోయిన శీతాకాలానికి ముందు శీతాకాలం, నాలుగు రోజులు మంచంలో ఉండి పోయింది. ఆ నాలుగు రోజులూ నేను దగ్గరే ఉన్నాను. కూతుళ్ళ పేర్లు పిలిచింది, డేగిసా కిందికి దించమంది, తాళం వేశారా అని అడిగింది. నాకు చెప్తానన్నది మాత్రం చెప్పలేదు. మరిచిపోయి చెప్పలేదో, తెలిసీ చెప్పలేదో నాకు తేలదు.